గాలిని వెళ్లగొట్టిన పంపు

ఘాట్ రోడ్డు మలుపులో ఆగిపోయిన పాత డీజిల్ జీపును చూసినవాళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు. డ్రైవరు బానెట్ ఎత్తి, స్పానరుతో ఒక నట్టు వదులు చేసి, పక్కనున్న చిన్న చేతి పంపును టకటకా నొక్కుతుంటాడు. మొదట నురగ వస్తుంది. బుడగలు పోయి, డీజిల్ ధారగా కారగానే నట్టు బిగిస్తాడు. ‘ఎయిర్ పట్టిందండీ, తీసేశాను’ అంటాడు. బండి కదులుతుంది.

అంత పెద్ద ఇంజిన్‌ను ఆపడానికి ఆ కాస్త గాలి చాలు. విచిత్రం ఏమిటంటే, పుట్టిన కొత్తలో డీజిల్ ఇంజిన్ గాలి సాయం లేనిదే చుక్క ఇంధనం మింగేది కాదు.

గాలి మోసిన నూనె

1897 ఫిబ్రవరిలో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ ఇంజిన్‌ను ప్రొఫెసర్ మోరిట్జ్ ష్రోటర్ పరీక్షించాడు. మూడు మీటర్ల ఎత్తు, సుమారు 20 హార్స్‌పవర్. ఇంధనంలోని శక్తిలో 26 శాతాన్ని పనిగా మార్చింది. ఆనాటి ఆవిరి యంత్రాలకు అది అందని లెక్క.

ఈ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్‌లో గాలిని గట్టిగా నొక్కితే అది కాగిపోతుంది, ఆ వేడిలో పడిన ఇంధనం తనంతట తానే అంటుకుంటుంది. చిక్కంతా ఆ ‘పడటం’లోనే ఉంది. అప్పటికే ఒత్తిడితో నిండిన సిలిండర్‌లోకి నూనెను తోయాలంటే అంతకు మించిన ఒత్తిడి కావాలి. అందుకే డీజిల్ మహాశయుడు పక్కన ఒక కంప్రెసర్ పెట్టి, బిగించిన గాలితో నూనెను లోపలికి ఊదించాడు. ఆ కంప్రెసర్ బరువెక్కువ, ఖరీదెక్కువ, పైగా ఇంజిన్ బలంలో కొంత తానే తినేసేది. ఓడకూ ఫ్యాక్టరీకీ సరిపోయింది గానీ కారులో పట్టేది కాదు. 1913 సెప్టెంబరు 29 రాత్రి, ఇంగ్లాండు వెళ్తున్న డ్రెస్డెన్ ఓడ మీంచి అదృశ్యమైన డీజిల్, తన పేరున్న ఇంజిన్ కారులో తిరగడం చూడనే లేదు.

రెండు మైక్రాన్ల సందు

ఆ దారి తెరిచింది రాబర్ట్ బాష్ సంస్థ. పెట్రోలు ఇంజిన్లకు నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోలు ఆ సంస్థకు పేరు తెచ్చిన సరుకు. రవ్వతో పనిలేని ఇంజిన్ వస్తే తన వ్యాపారం ఏం కావాలి? 1922 చివర్లో బాష్ డీజిల్ పంపు తయారీకే పూనుకున్నాడు. మరుసటి ఏడాదికే డజను దాకా నమూనాలు సిద్ధమయ్యాయి. 1927లో స్టుట్‌గార్ట్‌లో పంపులు వరసగా తయారవడం మొదలైంది.

చూడటానికి అందులో వింతేమీ లేదు. ఒక ఉక్కు గొట్టం, అందులో పైకీ కిందికీ ఆడే ఉక్కు కడ్డీ. మన మెకానిక్కులు ఈ జోడీని ‘ఎలిమెంట్’ అంటారు. రెండింటి మధ్య సందు రెండు మూడు మైక్రాన్లే, అంటే తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కన్నా తక్కువ. రింగు లేదు, వాషర్ లేదు, డీజిల్ వెనక్కి జారకుండా ఆపేది ఆ ఇరుకే. జోడీని ఒకదానికొకటి అరగదీసి కుదురుస్తారు కాబట్టి దీని కడ్డీ దాని గొట్టంలో పెట్టడం కుదరదు. కడ్డీ మీద ఏటవాలుగా ఒక గాడి ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కితే కడ్డీ కొద్దిగా తిరుగుతుంది, గాడి తెరుచుకునే క్షణం మారుతుంది, వెళ్లే డీజిల్ పెరుగుతుంది. ఇందులో గాలికి చోటు లేదు. గాలి నొక్కితే కుంచించుకుపోతుంది, ఒత్తిడిని డీజిల్ చిమ్మే నాజిల్ దాకా మోయదు.

1936లో బెర్లిన్ మోటారు ప్రదర్శనలో మెర్సిడెస్ 260 డి కారు బాష్ పంపుతో నిలబడింది. 45 హార్స్‌పవర్, నాలుగు సిలిండర్లు. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే అలాంటి ఇంజిన్‌కు పంపు సెకనుకు వంద సార్లు డీజిల్ కొలిచి పంపాలి. ఇంధనం ఆదా కావడంతో టాక్సీవాళ్లు దాన్ని ముద్దుచేశారు. మన దేశంలో ఈ పంపులు తయారుచేసిన మైకో కంపెనీ 1951లో పుట్టింది. ఆ కంపెనీ 2008లో బాష్ లిమిటెడ్ అయింది.

తాగే నూనే తలకు నూనె

1970ల మధ్యలో వచ్చిన బాష్ వీఈ పంపు చిన్న కార్లకు డీజిల్‌ను దగ్గర చేసింది. సిలిండర్‌కొక ఎలిమెంట్ బదులు ఒకే కడ్డీ తిరుగుతూ, ముందుకు దూకుతూ అన్నిటికీ వంతులవారీగా పంచుతుంది. దీనికి వేరే ఆయిల్ పోయరు. లోపల ప్రవహించే డీజిలే దాని కందెన. నీళ్లు కలిసినా, దుమ్ము చేరినా ముందు దెబ్బతినేది పంపే.

శుభ్రమైన డీజిల్ కూడా ఒకసారి దెబ్బకొట్టింది. 1990ల ఆరంభంలో స్వీడన్ గంధకం బాగా తగ్గించిన డీజిల్ తెచ్చింది. గంధకాన్ని తీసే ప్రక్రియలో సహజమైన జిడ్డు గుణమూ పోయింది, పంపులు అరిగిపోయాయి. అప్పటినుంచి డీజిల్‌లో కందెన గుణం పెంచే రసాయనాలు కలపడం, ఆ గుణాన్ని కొలిచి చూడటం మామూలైంది. 2020 ఏప్రిల్ నుంచి మన బంకుల్లో పోస్తున్న బీఎస్-6 డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లలో పది పాళ్లకు మించదు. అదీ ఈ జాగ్రత్తతోనే వస్తోంది.

అరిగిన పంపుకో గుర్తు ఉంది. పొద్దున్నే స్టార్టయిన బండి, టీ తాగి వచ్చేసరికి మొరాయిస్తుంది. వేడెక్కి పలచబడిన డీజిల్ పెరిగిన సందులోంచి జారిపోవడమే కారణం. పాతకాపు మెకానిక్ పంపు మీద తడిగుడ్డ వేసి స్టార్ట్ చేయించి, ‘ఇక దీని పని అయిపోయింది’ అని తేల్చేవాడు.

పంపు మార్చడంలో బలం కంటే ఓపిక ముఖ్యం. మొదటి సిలిండర్ పిస్టన్‌ను పైకొసకు తెచ్చి, గుర్తులు కలిపి, పళ్లచక్రాన్ని కదలకుండా పట్టి ఉంచి బెల్టు విప్పాలి. పైపుల మూతులకు టోపీలు పెట్టాలి. కొత్త పంపు ఎక్కించాక డయల్ గేజ్ పెట్టి కడ్డీ ఎంత లేచిందో చూడాలి. చాలా కారు ఇంజిన్లలో అది మిల్లీమీటరు అటూ ఇటూ. వందో వంతుల తేడా వచ్చినా పంపును కాస్త తిప్పి సరిచేస్తారు. లేకుంటే ఇంజిన్ టకటకమంటుంది, లేదా పొగ కక్కుతుంది.

1997లో ఆల్ఫా రోమియో 156తో కామన్ రైల్ అనే కొత్త పద్ధతి కార్లలోకి వచ్చింది. కొలత, సమయం కంప్యూటర్ చేతికి వెళ్లాయి, పంపుకు మిగిలింది ఒత్తిడి పుట్టించడమే. అయితే ఆ పంపు లోపల ఒరుసుకుపోతే లోహపు పొడి నాజిళ్ల దాకా పాకుతుంది, పంపు ఒక్కటీ మారిస్తే సరిపోదు.

పాత వీఈ పంపు దగ్గర మాత్రం చివరి పని ఇప్పటికీ అదే. నాజిళ్ల నట్లు కాస్త వదులు చేసి సెల్ఫ్ కొడతారు. నురగ, బుడగలు, ఆ తర్వాత డీజిల్. నట్లు బిగుస్తాయి, ఇంజిన్ అందుకుంటుంది. ఆగ్స్‌బర్గ్‌లో నూనెను మోసిన గాలి, ఇక్కడ చివరి బుడగ దాకా బయటికి పోవాల్సిందే.