కొంగు మెత్తగానే ఉంది

మరిపెడ దాటాక వరంగల్–ఖమ్మం రోడ్డు పక్కన మిర్చి చేను. మాఘమాసపు పొద్దు. ఆడోళ్లు సాలుకొకరు వంగి పండు కాయలు ఏరుతున్నారు. నాలుగో సాలులో ఉన్నామె వంగినప్పుడల్లా కుడి ముక్కులోంచి ఒక చుక్క రాలుతోంది. తేట నీళ్లు. ఎడమ ముక్కు పొడిగా ఉంది. కొంగుతో అద్దుకుంటుంది, నాలుగు కాయలు తెంపేసరికి మళ్లీ చుక్క.

"నీకు ఘాటు పడ్తలేదక్కా, గోలీ ఏసుకో."

"గోలీలు మింగి మింగి యాష్టకొచ్చింది. పండుకుంటె గొంతులకు ఉప్పగ దిగుతది."

మూడు నెలలుగా ఇదే. పడిశమని ఒకరు, ఎలర్జీ అని ఒకరు మందులిచ్చారు. మిర్చి కాలంలో ముక్కు కారని కూలీ ఎవరు గనక! కానీ ఆ కొంగు ఒకసారి చేత్తో పట్టి చూడండి. చీమిడి ఆరితే గుడ్డ గంజి పెట్టినట్టు బిరుసెక్కుతుంది. ఈ కొంగు పొద్దుటి నుంచి పదిసార్లు తడిసి ఆరింది, అయినా మెత్తగానే ఉంది.

అది మెదడు చుట్టూ ఉండే నీరు.

ముక్కుకు పైకప్పయిన ఎముకే మెదడుకు నేల. వాసన నరాలు దిగడానికి జల్లెడలా బెజ్జాలున్న పలుచని ఎముక అది. అరుదుగా కొందరికి, ఎక్కువగా నడివయసు ఆడవాళ్లకు, దెబ్బ తగలకుండానే తలలో ఒత్తిడి పెరిగి అక్కడ చిల్లి పడుతుంది. తలలో, వెన్నులో కలిపి ఉండేది 150 మిల్లీలీటర్ల నీరే అయినా రోజుకు అరలీటరు కొత్తది ఊరుతుంది కాబట్టి కారినంత మాత్రాన తరిగిపోదు. భయమంతా ఆ దారిన పైకెక్కే సూక్ష్మజీవులతోనే. మెదడు పొరలు వాచాయంటే ప్రాణం మీదికొస్తుంది. ముక్కుకూ మెదడుకూ మధ్య గోడ ఎంత పలుచనో 2021 మేలో, బ్లాక్ ఫంగస్ రోగులతో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి నిండిపోయినప్పుడు, రాష్ట్రమంతా చూసింది.

హైదరాబాదులో ఓపీ గది. ఆమె చెప్తుంటే డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది.

"వంగినప్పుడేనా? ఒక్క ముక్కేనా?"

కుర్చీలో కూర్చోబెట్టి, తల మోకాళ్ల దాకా వంచమని, ముక్కు కింద చిన్న గాజు సీసా పట్టింది. గదిలో ఎవరూ మాట్లాడటం లేదు. ఒక చుక్క. కాసేపటికి ఇంకోటి. అందులో బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ దొరికిందంటే అనుమానం లేనట్టే, ఆ ప్రొటీన్ చీమిడిలో ఉండదు. దొరికింది. చిల్లి ఎక్కడుందో సీటీ స్కాన్ చూపించింది.

థియేటర్లో తెర వైపు చూడండి. 1926లో అమెరికాలో వాల్టర్ డాండీ ఇలాంటి చిల్లిని పుర్రె తెరిచి మూశాడు. ఇక్కడ 4 మిల్లీమీటర్ల ఎండోస్కోప్ ముక్కులోంచే వెళ్తోంది. ఎర్రటి ఇరుకు సందు చివర, కందిగింజంత గుంటలో నీరు గుండె కొట్టుకున్నట్టే లేచి పడుతోంది. తొడలోంచి తీసిన కొవ్వు ముక్కను అందులో కూరారు. ముక్కు మధ్యగోడ పొరను రక్తనాళం తెగకుండా తిప్పి పైన పరిచారు. నీటి కదలిక ఆగింది.

"తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి. ముక్కు చీదొద్దు, వంగొద్దు, బరువులెత్తొద్దు."

"ఇంకో ఏరుడుంది మేడం."

"ఈ ఏడు చేను మొకం చూడకమ్మా."

ఆరు వారాలకు మళ్లీ అదే గది, అదే కుర్చీ. తల వంచింది. ముక్కు కింద సీసా. గోడ గడియారం చప్పుడు వినిపిస్తోంది. సీసా అడుగు పొడిగా ఉంది. డాక్టరమ్మ లెమ్మన్నా ఆమె ఇంకా వంగే ఉంది, సీసాలోకే చూస్తూ.