కల్లంగడి త్రోవ



ప్రొద్దు గ్రుంకిన పిమ్మట పైగుడ్డ ముసుగు వేసికొని, ఊరివెలుపలి అంగడికి ఒంటిగా నడచిపోవు మనుజుని చూడనివారు మీలో నుండరు. ఇంటివారు వానిని గూర్చి దుఃఖింతురు, పిల్లలు నవ్వుదురు. చరిత్ర వ్రాయువారు మాత్రము వాని జోలికి పోరు. అతడు ఒంటివాడెట్లయ్యెనో నేడు విచారింతము.

మన అనంతపురపు సీమలో ఏటివాన ఇంచుమించుగా 22 అంగుళములు. కోస్తాలోని తాటితోపులు మనకు లేవు. వంకల తేమలో ఈతచెట్లు పెరుగును. కావున మన కల్లు చాలవరకు ఈతకల్లే. ఈడిగవారు చలికాలమున మొవ్వు క్రింద చెక్కి కుండ కట్టుదురు. ఒక యేడు ఒకప్రక్క, మరుసటి యేడు రెండవప్రక్క చెక్కుటచే మ్రాను మెలికలు తిరుగును. ఆ గంట్లు లెక్కించినచో చెట్టు ఎన్ని యేండ్లు గీయబడినదో తెలియును. సర్కారు దస్త్రములకన్న నమ్మదగిన దస్త్ర మిది!

ఈ కల్లు తెల్లవారుజామున తియ్యన, ప్రొద్దెక్కినకొలది పులుపు, సాయంకాలమునకు నిషా. దూరము మోయుటకును, దినములకొలది దాచుటకును వీలుకాదు. అట్టి పానీయమును చెట్టు దాపుననే, దింపినదినముననే త్రాగవలెను. నలుగురు కూడిననే కుండ వట్టిదగును. కావున పూర్వము త్రాగుడు తోపులోని గుంపుపని యని నా యూహ. అది మంచిదని నే ననను. ఎవడెంత త్రాగెనో ప్రక్కవానికి తెలిసెడిది, అంతే.

నిజాము 1800లో ఈ సీమను కుంపిణీవారి కిచ్చెను. మన్రో దొర అనంతపురమున మకాముచేసి 1807 వరకు శిస్తులు కట్టెను. కల్లు సారాయములు గుత్తకే పోవుచుండెడివి. 1886లో చెన్నపురి ప్రభుత్వము అబ్కారీ చట్టము చేసెను. గీయు చెట్టునకు పన్ను, అంగడికి వేలము! పాటపాడినవాడు ఆ సొమ్ము రాబట్టుకొనవలె గదా. సీసాలో నిలువయుండి ఎంతదూరమైనను పోగల సారాకు చెట్టు దాపు అక్కరలేదు, తోడు నక్కరలేదు. చిల్లర కాసులు చాలును. రాజధాని రాబడిలో భూమిశిస్తు తరువాతి స్థానము అబ్కారీదే. పంట పండని యేట రైతు శిస్తు తగ్గింపు కోరగలిగెను. గ్లాసుమీది పన్నునకు తగ్గింపెక్కడిది?

1921 సహాయనిరాకరణమున కాంగ్రెసువారు అంగళ్లయెదుట నిలిచి త్రాగువారిని వేడుకొనిరి. పిమ్మట రాజగోపాలాచారిగారి మంత్రివర్గము 1937 అక్టోబరు 1న సేలములోను, 1938 అక్టోబరు 1న చిత్తూరు, కడప జిల్లాలలోను మద్యనిషేధము పెట్టెను. పోయిన రాబడికి బదులుగా 1939లో అమ్మకపు పన్ను వచ్చెను. నేటికిని అంగడిలో మనము చెల్లించు పన్నునకు మూలము ఈత కుండలో నున్నదని ఎందరెరుగుదురు?

అప్పుడు అనంతపురము నిషేధములో చేరలేదు. కడపవైపు పొలిమేరకు ఆవల అంగడి మూత, ఈవల తాడిపత్రి, కదిరి తాలూకాలలో చట్టము వేరు. చీకటిలో ఈ పొలిమేర దాటిన పాదము లెన్నియో ఊహించుకొనుడు. నిషేధము యుద్ధకాలమున సడలి, 1946 మొదలు మరల విస్తరించి, 1948 అక్టోబరు 2 నాటికి రాజధాని యంతట నమలయ్యెను. అంతట అంగళ్లు పోయెను గాని బెల్లము, తుమ్మచెక్క పోలేదు. దొంగసారా పొదలలో వండబడెను. వేలము త్రాగువానిని తోపునుండి విడదీసెను. చట్టము వానిని వెలుతురునుండియు విడదీసెను. ఇరుగుపొరుగు చూచిన జైలు, చూడకున్న చావు అనునట్లయ్యెను వాని బ్రతుకు. ఇంటివారికి దిక్కెవరు?

ఈ మాట ప్రభుత్వములనే కూల్చినది. ఆంధ్రరాష్ట్రపు తొలి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము, మన ఇల్లూరి నీలం సంజీవరెడ్డిగారు ఉపముఖ్యమంత్రిగా నుండగా, 1954 నవంబరు 6న మద్యనిషేధపు చర్చమీదనే ఒక్క వోటు తేడాతో పడిపోయెను.

దరిమిలా నిషేధము తొలగెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా అంగళ్లకు గుంపుగా నడచిరి. ఏ త్రోవలో మగవాడు ఒంటిగా పోవుచుండెనో ఆ త్రోవలోనే, పట్టపగలు, వారు పోయిరి. 1993లో సారా నిషిద్ధమాయెను. 1995లో నందమూరి తారకరామారావుగారు సంపూర్ణ నిషేధము పెట్టిరి. 1997లో అది సడలెను. అంగళ్లు మరల తెరచిరి, వేలములు మరల జరిగెను.