మెడ పైన దాది, మెడ కింద ఎవరో

పోస్టు పొడుగైంది. తీరిక ఉన్నప్పుడే చదవండి.

మా ఇంట్ల గోడ మీద దాది ఫోటో ఉంది. దాది అంటే నాయనమ్మ, కోయ, గోండు, ఎరుకల మిత్రుల కోసం చెప్తున్న. ఆ ఫోటోల మెడ పైన దాది, మెడ కింద ఎవరో. దాది చనిపోయినప్పుడు దండ వేయడానికి ఫోటో కావాల్సి వచ్చింది. ఇల్లంతా వెతికితే దొరికింది ఆధార్ కార్డు ఒక్కటే. మా బా దాన్ని పట్టుకొని తొర్రూరు పోయి ఒక స్టూడియోల ఇచ్చిండు. ఆయన ముఖం వరకు కత్తిరించి, కంప్యూటర్ల రెడీగా ఉన్న ఒకామె ఒంటికి అతికించిండు. ఆకుపచ్చ పట్టుచీర, మెడల రెండు పేటల హారం, వెనుక జలపాతం. జీవితంల ఒక్కరోజు కూడా చీర కట్టని మనిషి మా దాది. ఫేటియా, కాంచళి, టుక్రి తోనే బతికింది, వాటితోనే పోయింది. స్టూడియో ఆయన్ని తప్పు పట్టను. ఆయన దగ్గర ఉన్న ఒళ్లన్నీ చీరలవే. మా యాడి మాత్రం దండ మార్చేటప్పుడు ముఖం వరకే చూస్తది.

డిగ్రీల హిస్టరీ తీసుకున్నంక, లైబ్రరీల పాత ఫోటోలున్న పుస్తకాలు తిరగేసుడు అలవాటైంది. మనలాంటోళ్ల మీదికి కెమెరా ఎట్ల వచ్చింది, ఎవరు తెచ్చిండ్రు అని వెతికితే, మొదట తెచ్చినోళ్లలో చాలామంది ఫోటోగ్రాఫర్లే కాదని తెలిసింది. గవర్నర్ జనరల్‌గా ఉన్న కానింగ్, తన కింద పనిచేసే అధికారుల్లో కెమెరా సరదా ఉన్నోళ్లను ఇక్కడి జనం ఫోటోలు తీసి పంపమన్నడు. మొదట అది తనకూ, భార్యకూ జ్ఞాపకం కోసం. 1857 తిరుగుబాటు అయినంక ఆ సరదా కాస్తా సర్కారు పని అయింది. అట్ల పోగైన ఫోటోలతో 1868 నుంచి 1875 దాకా ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ పేరుతో ఎనిమిది సంపుటాలు వేసిండ్రు. నాలుగు వందలకు పైగా ఫోటోలు. చాలా వాటి కింద మనిషి పేరు ఉండదు, జాతి పేరు ఉంటది. పక్కన ఆ జాతి ఎట్లాంటిది, నమ్మదగ్గదా కాదా అన్న వర్ణన ఉంటది.

సంపుటాలు ఇంకా వస్తుండగానే 1871లో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. కొన్ని ప్రాంతాల్లో బంజారాలను కూడా ఆ జాబితాలో పెట్టిండ్రు. అది పూర్తిగా పోయింది స్వాతంత్య్రం వచ్చినంక, 1952లో. ఆ పుస్తకం వల్లే ఆ చట్టం వచ్చిందని నేను అనట్లేదు. కానీ రెండింటి వెనుక ఉన్న చూపు ఒకటే. మనిషిని చూస్తే వాళ్లకు జాతి కనబడ్డది, ముఖం కనబడలే.

తర్వాత మన నిజాం రాష్ట్రానికి వచ్చిన కెమెరా వేరే తీరుది. హైమన్‌డార్ఫ్ పేరు మీలో చాలామంది గ్రూప్స్ ప్రిపరేషన్ల చదివే ఉంటరు. ఆస్ట్రియాల పుట్టిన మానవశాస్త్రవేత్త. 1939ల యుద్ధం మొదలైతే శత్రుదేశపు పౌరుడని బ్రిటిష్ వాళ్లు ఆయన్ని హైదరాబాద్ రాష్ట్రం దాటి పోనియ్యలే. ఒక రకంగా అది మన అదృష్టం. కట్టడి చేస్తే ఆయన పోయి చెంచుల మధ్య, కొండరెడ్ల మధ్య, ఆదిలాబాద్ గోండుల మధ్య కూర్చున్నడు. చెంచుల మీద 1943ల, కొండరెడ్ల మీద 1945ల, రాజగోండుల మీద 1948ల పుస్తకాలొచ్చినయి. ఫోటోగ్రఫీ ఆయన చదువు కాదు. రాసుకునే నోట్సుకు తోడుగా తీసుకున్న ఫోటోలవి. ఇప్పుడు లండన్‌ల సోయాస్ అనే సంస్థల భద్రంగా ఉన్నయి.

ఆ ఫోటోల్లో మనుషులు భయపడి నిలబడ్డట్టు ఉండరు. ఒకరు నవ్వుతుంటరు, ఒకరు పనిలో మునిగి కెమెరానే పట్టించుకోరు. ఆయన, ఆయన భార్య బెట్టీ మార్లవాయి ఊర్ల ఉన్నరు కాబట్టి ఆ చనువు వచ్చింది. ఇద్దరి సమాధులు కూడా అక్కడే కట్టిండ్రు. అయినా చాలా ఫోటోల కింద మళ్ళీ అదే. గోండు స్త్రీ, చెంచు పురుషుడు. ఆమె మనుమరాలు ఇయ్యాల ఉట్నూరు హాస్టల్ల చదువుతుండొచ్చు, ఆ ఫోటో ఫోన్ల చూసి తన నాయనమ్మ అని తెలువక పక్కకు జరపొచ్చు. ఆ ఊహ వచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలే.

సునీల్ జానా కూడా కలకత్తాల చదువుకుంటూ సరదాగా ఫోటోలు తీసేటోడే. 1943 బెంగాల్ కరువును తీయడానికి కమ్యూనిస్టు నాయకుడు పి.సి. జోషి ఆయన్ని వెంట తీసుకుపోయిండు. ఆ ఒక్క ప్రయాణం ఆయన బతుకే మార్చింది. తర్వాత తెలంగాణ పోరాటాన్నీ, దేశమంతా ఆదివాసులనూ తీసిండు.

ఇక మన జనగామకు వస్త. ఫోటో ఉన్నోళ్లకు పేరు లేదని ఇప్పటిదాకా చెప్పిన. ఇక్కడ కథ తిరగబడ్డది. పేరున్నోళ్లకు ఫోటో లేదు.

దేవరుప్పుల మండలం కడవెండి. 1946 జులై 4న ఊరేగింపు మీద దొర గూండాలు కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య నేలకొరిగిండు. ఆయన విగ్రహాలు, ఫ్లెక్సీలు గమనించండి. భుజం మీద గొంగడి, చేతిల కర్ర. ఆ గొంగడి తీసేస్తే ముఖం చూసి కొమరయ్య అని గుర్తుపడుతమా? అదే మండలంల ధర్మపురం దగ్గరి పడమటి తండా. విసునూరు దేశ్‌ముఖ్ భూములు గుంజుకుంటే ఎదురు నిలిచిన జాటోత్ ఠాణు నాయక్ ఆ తండా మనిషి. 1950ల చంపేసిండ్రు. పాలకుర్తి ఐలమ్మ సంగతి వేరు, ఆమె 1985 దాకా బతికింది కాబట్టి ముడతలు పడ్డ ఆ ముఖం మనకు దక్కింది. పాతికేళ్లకే, ముప్పై ఏళ్లకే చంపబడ్డోళ్లు ఏ స్టూడియోకు పోయి కూర్చుంటరు?

పోయినేడు మా హాస్టల్ల గోడకు ఠాణు నాయక్ బొమ్మ పెట్టాలని అనుకున్నం. బొమ్మలు గీస్తనని నా మీద వేసిండ్రు. నేర్చుకున్నది ఏం లేదు, టెన్త్ నోట్‌బుక్ల వెనుక పేజీలే నా బడి. నా దగ్గర ఉన్నది ఫోన్ల దొరికిన ఒక ఫ్లెక్సీ బొమ్మ, అది పెద్దగ చేస్తే మసక. కండ్లు ఎట్ల పెట్టాలె? ముక్కు ఎట్ల? మూడు రాత్రులు కూర్చున్న. నాలుగో రోజు చూసి మా రూమ్‌మేట్ నవ్విండు. ‘అరే, ఇది మీ మామ కదరా. మొన్న బియ్యం సంచి తెచ్చిండు చూడు.’ నిజమే. పాగా కోసం, చెవుల కోసం మామ ఫోటో ముందు పెట్టుకున్న. తెలియకుండనే ముక్కు, చూపు కూడా వచ్చేసినయి.

మొదట సిగ్గయింది. చింపుదామనుకున్న. తర్వాత ఆలోచిస్తే, ముఖం లేని మనిషికి ముఖం పెట్టాల్సి వస్తే ఎవరైనా ఎక్కడి నుంచి తెస్తరు? తనకు దగ్గరున్న ముఖం నుంచే. పోతనది బమ్మెర, ఇదే పాలకుర్తి మండలం. ఆయన్ని చూసినోళ్లు ఎవరూ లేరు. కానీ 1943ల ‘భక్త పోతన’ సినిమా వచ్చినప్పటి నుంచి పెద్దోళ్లకు పోతన అంటే చిత్తూరు నాగయ్య ముఖమే. కుమ్రం భీమ్ కూడా అంతే. 1940ల జోడేఘాట్‌ల అమరుడైండు, ఫోటో లేదు. హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ గోండుల దగ్గరికి చేరింది ఆ తర్వాతే. కొంచెం ముందు వచ్చి ఉంటే ఏమయ్యేదో. ఇప్పుడు చిన్న పిల్లలను అడిగితే భీమ్ అంటే ‘ఆర్ఆర్ఆర్’ హీరో. 2020ల టీజర్ వచ్చినప్పుడు తలమీద టోపీ గురించి ఆదివాసులే అభ్యంతరం చెప్పిండ్రు. కథల ఆయన మారువేషంల ఉంటడని సినిమా వాళ్ల లెక్క. కానీ ఫోటో లేని మనిషి విషయంల వేషమే ముఖం అయిపోతది. సినిమా ఫ్యాన్స్‌కు ఆ బాధ ఎందుకు అర్థం కాలేదో మా దాది ఫోటో చూసినంక నాకు అర్థమైంది. వాళ్ల ఇండ్లల్ల ఎవరికీ వేరే ఒళ్లు అతికించలే.

ఊహించి గీయడం తప్పని నేను ఒప్పుకోను. మా మామ ముక్కు ఠాణు నాయక్‌కు పెడితే పోయేదేం లేదు. ఇద్దరూ ఎండల నాగలి పట్టిన లంబాడోళ్లే. స్టూడియో చీరతో ఇబ్బంది ఎక్కడంటే, ఇంటోళ్లను ఒక్కమాట అడగలే. బొమ్మ కింద ‘ఊహాచిత్రం’ అని చిన్నగ రాసిన. కొందరికి నచ్చలే, జయంతి రోజు అట్ల రాస్తే విలువ తగ్గుతదన్నరు. నేను చెరపలే.

ముఖమే వద్దనుకున్నోళ్లు కూడా మన పక్కనే ఉన్నరు. మహబూబాబాద్ జిల్లా పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజును మేడారం తీసుకపోతరు. చిలకలగుట్ట నుంచి సమ్మక్క వస్తది కుంకుమ భరిణె రూపంల, గద్దె మీద వెదురు. విగ్రహం లేదు. మేడారం 2019 దాకా భూపాలపల్లి జిల్లాలనే ఉండె, ఇప్పుడు ములుగు. పులి మీద కూర్చున్న సమ్మక్క క్యాలెండర్లు దుకాణాల్ల అమ్ముతరు, మా ఇంట్ల కూడా ఉంది. కోయల దగ్గర మాత్రం పడిగెలుంటయి. బట్ట మీద వేల్పులు, పూర్వీకులు, జంతువులు, ఒక వంశం కథ మొత్తం. డోలి వాళ్లు ఆ కథ పాడుతరు. 2022ల పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య అట్లాంటి కోయ డోలి కళాకారుడే. పడిగెను చూసి ముక్కు పోలిందా అని ఎవరూ అడగరు. పాట లేకుండ ఆ బొమ్మ సగమే.

భూపాలపల్లి జిల్లాలనే రేగొండ మండలం పాండవుల గుట్టలకు దోస్తులతో పోయినప్పుడు కూడా ఇదే అనిపించింది. రాళ్ల మీద ఎర్ర రంగుల జంతువులు, విల్లంబులు. గీసినోడి పేరు లేదు, గీయించుకున్నోడి పేరు లేదు. అక్కడ మాత్రం నాకేం బాధ కాలే, ఎందుకో.

ఇప్పుడు ఫోన్ అందరి చేతుల ఉంది. ఆగస్టు 19 ఫోటోగ్రఫీ దినోత్సవం వస్తే పోటీల ఫోటోలు చూస్తుంట. చాలా సార్లు ఒక ముసలి లంబాడీ అవ్వ ఉంటది. ఘుగ్రీలు, గాజులు, ముడతలు, బీడీ పొగ. కింద ‘గిరిజన మహిళ’ అని. 1868ల రాసింది అదే కదా. తీసినోళ్లల్ల మన పిల్లలు కూడా ఉన్నరు, అందుకే ఈ పోస్టు. ఫోటో తీసినంక ఒక నిమిషం ఆగి పేరు అడగండి. ఏ తండా, ఏ గూడెం, ఏ గోత్రం అడగండి. ఆమెకు ఇష్టమైతేనే పైకి పెట్టండి, లేకపోతే మీ దగ్గర రాసి పెట్టుకోండి.

దసరా సెలవుల్ల ఇంటికి పోయి దాది బొమ్మ మొదలువెట్టిన. ఆధార్ ముఖం ముందు పెట్టుకొని, మిగతాదంతా అడిగి. టుక్రి అంచుకు అద్దాలు ఎన్ని వరుసలు అని అడిగితే యాడి రెండంటది, మేనత్త మూడంటది. ఇద్దరికీ గట్టిగనే పడ్డది. మధ్యల బా వచ్చి, పెద్ద గాజు ఒకటి పగిలి ఉండేది, కుడి చేతికి, అది పెట్టు అన్నడు. ఆ సంగతి ఇంట్ల ఇంకెవరికీ యాదిలేదు. పెట్టిన. అద్దాల వరుసలు ఇంకా తేలలే, ఆ అంచు ఖాళీగ వదిలేసిన. కాయితం వెనుక దాది పేరు, గోత్రం, తండా బాల్‌పెన్‌తో రాసిన. ఇక్కడ పెట్టను, బా వద్దన్నడు.