డెల్ఫీ ఆలయ ద్వారాన చెక్కిన మాట

సభలలో గాని, వ్యాసాలలో గాని సోక్రటీసు పేరు వచ్చినప్పుడల్లా దాని వెంట ఒక మాట వస్తుంది: “నిన్ను నీవు ఎరుగుము.” వక్త వెంటనే మన ఉపనిషత్తులను స్మరించి, ఏథెన్సు జ్ఞానీ మన ఋషులూ ఒకే సత్యాన్ని దర్శించినారని చెప్పి సభను సంతోషపెట్టడం పరిపాటి. పోలిక వినడానికి ఇంపుగానే ఉంటుంది. అందులో సత్యం బొత్తిగా లేదని అనను. కాని ఆ మాట సోక్రటీసు పుట్టించినది కాదు. పుట్టిననాడు దాని అర్థం ఆత్మవిద్యా కాదు. అది ఎక్కడ పుట్టినదో, ఎవరి చేతిలో ఎట్లా మారినదో, మన దేశపు పొలిమేరల దాకా ఎట్లా నడిచి వచ్చినదో విచారించడం ఈ ప్రసంగానికి విషయం.

గ్రీసు దేశంలో పర్నాసస్ పర్వతం వాలులో డెల్ఫీ అనే క్షేత్రం ఉన్నది. పూర్వం అక్కడి అపోలో ఆలయంలో పిథియా అనే పూజారిణి ఆవేశం పొంది, అడిగినవారి ప్రశ్నలకు దేవుని పలుకు వినిపించేది. మన పల్లెలలో గణాచారిని పలుకు అడిగినట్లే, యుద్ధానికి పోవలెనా, వలస పోవలెనా, తెగులు ఎందుకు వచ్చినదని రాజులూ నగరాలూ అక్కడికి మనుషులను పంపేవారు. ఆ ఆలయపు ముఖమండపంలో కొన్ని చిన్న సూక్తులు వ్రాసి ఉండేవి. క్రీ. శ. రెండవ శతాబ్దిలో గ్రీసు అంతా తిరిగి యాత్రాగ్రంథం రచించిన పౌసనియస్ వాటిని పేర్కొన్నాడు. “నిన్ను నీవు ఎరుగుము”, “ఏదీ మితి మీరనీయకుము” అనే రెండూ వానిలో ప్రసిద్ధాలు. మిలేటసు వాడైన థేల్సు, ఏథెన్సు శాసనకర్త సోలను మొదలైన ఏడుగురు జ్ఞానులు వాటిని దేవునికి కానుకగా సమర్పించినారని గ్రీకుల ఐతిహ్యం. ఆ ఏడుగురు ఎవరన్న విషయంలో మాత్రం ఏ ఇద్దరు రచయితలకూ సరిగా పొత్తు కుదరదు.

రెండు సూక్తులూ పక్కపక్కన ఉన్నవని గమనిస్తే మొదటిదాని అర్థం విశదమవుతుంది. అది గుడిలోనికి పోయేవాడికి వాకిట ఎదురయ్యే హెచ్చరిక. నీవు దేవుడవు కావు, చావు గల మనిషివి. నీ హద్దు తెలిసికొని లోపలికి రా అని దాని తాత్పర్యం. మన పెద్దలు తన తాహతు తాను తెలిసికొని మసలుకోవలె అంటారే, ఇంచుమించు ఆ ధోరణి. అందులో అంతర్ముఖమైన ధ్యానమేదీ లేదు.

ఆ హెచ్చరికను లెక్కచేయనివాడికి ఏమి జరుగుతుందో చెప్పడానికి గ్రీకులకు లిడియా రాజు క్రీససు కథ ఉండేది. హెరోడోటస్ దానిని విస్తారంగా చెప్పినాడు. క్రీససు అపార ధనవంతుడు. డెల్ఫీకి లెక్కలేని బంగారం పంపినవాడు. పారశీక రాజు సైరసు మీదికి దండెత్తవచ్చునా అని అతడు అడిగించగా, దండెత్తితే ఒక మహాసామ్రాజ్యం కూలుతుందని పలుకు వచ్చినది. అతడు సంతోషించి హాలిస్ నది దాటినాడు. క్రీ. పూ. 546 ప్రాంతంలో అతని రాజధాని సార్డిస్ సైరసు వశమైనది. బందీ అయిన క్రీససు తన సంకెళ్ళను డెల్ఫీకి పంపి, ఇదేనా నా కానుకలకు ప్రతిఫలమని నిలవదీయించినాడు. ఏ సామ్రాజ్యమో మళ్ళీ అడగకపోవడం నీ తప్పేనని అక్కడినుంచి జవాబు వచ్చినది. ఈ కథలో చరిత్ర ఎంతో, కల్పన ఎంతో విడదీయడం కష్టం. కాని ఆ రెండవ ప్రశ్న క్రీససుకు ఎందుకు తోచలేదో ఆలోచించండి. కూలేది తనదే కావచ్చునన్న ఊహ అతని మనస్సుకు దరిదాపులకైనా రాలేదు.

ఇక సోక్రటీసు సంగతి. అతడు శిల్పి కుమారుడు, తల్లి మంత్రసాని. ఏథెన్సు పౌరుడుగా పొటిడియా, డేలియం, ఆంఫిపొలిస్ యుద్ధాలలో పాల్గొన్నవాడు. పుస్తకమేదీ వ్రాయలేదు. మనకు తెలిసినదంతా ముఖ్యంగా ప్లేటో, జెనొఫన్ అనే శిష్యులు వ్రాసినదే. ప్లేటో వ్రాతను బట్టి, సోక్రటీసు మిత్రుడు కైరెఫోను డెల్ఫీకి పోయి, సోక్రటీసును మించిన జ్ఞాని ఉన్నాడా అని అడిగినాడు. లేడని పలుకు వచ్చినది. క్రీససు అయితే ఈ మాటకు పొంగిపోయి ఉండేవాడు. సోక్రటీసుకు మాత్రం ఇది పెద్ద చిక్కు అయినది. తనకు తెలిసినది ఏమీ లేదని అతనికి గట్టిగా తెలుసు; దేవుడు అబద్ధమాడడు. తనకంటె తెలివిగలవాడిని ఒక్కడిని చూపితే ఈ చిక్కు విడిపోతుందని ఊరిలో వెదకడానికి బయలుదేరినాడు.

మొదట రాజకీయ నాయకులను ప్రశ్నించినాడు. తమకు అంతా తెలుసునని వారు అనుకుంటున్నారు గాని, ఏమీ తెలియదని తేలినది. తరువాత కవులు. వారు అందమైన మాటలు వ్రాసినారు, కాని తాము వ్రాసినదానికి అర్థం చెప్పలేకపోయినారు. చివరకు చేతిపని వారి వద్దకు పోయినాడు. నాకు ఈ మూడవ ఘట్టమే అన్నిటికంటె విలువైనదిగా తోస్తుంది. పనివారికి తమ పని నిజంగా తెలుసు. ఆ సంగతి సోక్రటీసు మనస్ఫూర్తిగా ఒప్పుకొన్నాడు. కాని తమ పని తెలిసినందువల్ల లోకంలో తక్కిన పెద్ద విషయాలన్నీ తమకు తెలుసునని వారు భ్రమపడినారు. ఆ భ్రమ వారి నిజమైన విద్యను కూడా కప్పివేసినది. ఒక శాస్త్రంలో దిట్టలైన పెద్దలు మైకు ముందు కూర్చుండి, తమది కాని విషయం మీద అంతే ధీమాతో మాట్లాడడం మా ఉద్యోగంలో తరచు చూస్తుంటాము. మేము మాత్రం తక్కువ తిన్నామా? అన్ని విషయాల మీద పదిహేను నిమిషాలు మాట్లాడగలగడమే మా వృత్తి.

ఈ విధంగా సోక్రటీసు ఆలయపు సూక్తిని గుడి వాకిలి నుంచి అంగడి వీధికి తెచ్చినాడు. మనిషి తన హద్దు తెలిసికోవలెనన్న అర్థాన్ని అతడు వదలలేదు. అయితే ఆ హద్దు తెలిసేది ఏకాంతంలో కళ్ళు మూసికొన్నప్పుడు కాదు; ఎదుటివాడు వేసిన ప్రశ్నకు జవాబు దొరకక నోరు తడబడినప్పుడు. అట్లా నలుగురిలో నోరు తడబడినవాడు ప్రశ్నించినవాడిని ప్రేమించడు.

ఇక్కడ చరిత్ర ఒక వింత చేసినది. ప్లేటో వ్రాసిన “ఖార్మిడీస్” అనే సంభాషణలో, డెల్ఫీ సూక్తికి పాండిత్యంతో వ్యాఖ్యానం చెప్పేవాడు క్రిటియాసు. అతడు ప్లేటో తల్లికి దాయాది, సోక్రటీసు చుట్టూ తిరిగినవారిలో ఒకడు. నిగ్రహమంటే తన్ను తాను ఎరగడమేనని అతడు అందులో వాదిస్తాడు. క్రీ. పూ. 404లో స్పార్టా చేతిలో ఏథెన్సు ఓడిపోయినప్పుడు అధికారం పట్టిన ముప్పదిమంది నిరంకుశులకు నాయకుడైనది ఈ క్రిటియాసే. కొద్ది నెలల పాలనలో వారు 1,500 మందికి తక్కువ కాకుండా చంపించినారని అరిస్టాటిల్ పేర వచ్చిన ఏథెన్సు రాజ్యాంగ గ్రంథం చెప్తున్నది. సలామిస్ వాడైన లియోను అనేవాడిని పట్టి తెమ్మని వారు మరి నలుగురితోపాటు సోక్రటీసును ఆజ్ఞాపించినారు. ఆ నలుగురూ పోయి లియోనును తెచ్చినారు. సోక్రటీసు తన ఇంటికి పోయినాడు. ఆత్మజ్ఞానాన్ని గూర్చి మాట్లాడగలగడానికీ, అది ఉండడానికీ మధ్య దూరం ఎంతో ఈ ఇద్దరి నడవడిలో కనిపిస్తున్నది.

403లో ప్రజాస్వామ్యం తిరిగి వచ్చినప్పుడు, గతించిన రాజకీయ నేరాలను తవ్వరాదని ఏథెన్సువారు ప్రమాణం చేసికొన్నారు. అందువల్ల 399లో సోక్రటీసు మీద తెచ్చిన అభియోగంలో క్రిటియాసు పేరు లేదు. నగరం కొలిచే దేవతలను కొలవడం లేదనీ, యువకులను చెడగొడుతున్నాడనీ మాత్రమే ఉన్నది. అప్పుడు అతనికి డెబ్బది ఏండ్లు. తన మీద పడిన ఓట్లలో ముప్పది అటునుంచి ఇటు మారితే విడుదల అయి ఉండేవాడినని అతడే ఆశ్చర్యపడినట్లు ప్లేటో వ్రాసినాడు. ప్రశ్నించడం మాని బ్రతకవచ్చునంటే అతడు ఒప్పుకోలేదు. చెరసాల నుంచి తప్పిస్తామని మిత్రుడు క్రిటో వచ్చి ప్రాధేయపడినా కదలలేదు, విషం త్రాగినాడు. ఓటమి, నిరంకుశుల పాలన, తమ వారి చేతులలోనే తమ వారు చావడం, వీటన్నిటి తరువాత ఏథెన్సు నగరం తన్ను తాను చూచుకోవడానికి సిద్ధంగా లేదని నా అభిప్రాయం. అద్దం పగులగొట్టడం దానికి సులభమనిపించినది.

మొదట చెప్పిన పోలిక సంగతికి వస్తాను. అరిస్టాటిల్ శిష్యుడు అరిస్టాక్సెనస్ చెప్పినాడని, నాలుగవ శతాబ్దపు క్రైస్తవ రచయిత యూసెబియస్ గ్రంథంలో ఒక కథ మిగిలి ఉన్నది. ఒక భారతీయుడు ఏథెన్సులో సోక్రటీసును కలిసికొని, నీవు విచారించేది దేనిని అని అడిగినాడట. మానవుని జీవితాన్ని అని సోక్రటీసు జవాబు. ఆ మాటకు భారతీయుడు నవ్వి, దైవాన్ని ఎరుగనివాడికి మానవ విషయం ఎట్లా తెలుస్తుందని అన్నాడట. ఇది నిజంగా జరిగినదని నమ్మడానికి ఆధారం చాలదు; అరిస్టాక్సెనస్ సోక్రటీసు పట్ల సదభిప్రాయం గలవాడూ కాదు. అలెగ్జాండరు దండయాత్ర తరువాత మన సన్యాసుల కీర్తి గ్రీసుకు పోయిన రోజులలో పుట్టిన కథ కావచ్చు. అయినా దీనిని కల్పించినవాడు తెలివిగలవాడు. భార్య మైత్రేయికి యాజ్ఞవల్క్యుడు బోధించినది నాశం లేని ఆత్మను గూర్చి. సోక్రటీసు అడిగినది నీవు న్యాయమంటున్నావే, ధైర్యమంటున్నావే, అదేమిటో చెప్పగలవా అని. చావు తరువాత ఏమున్నదో తనకు తెలియదనే అతడు న్యాయస్థానంలో చెప్పినాడు. రెండు ప్రశ్నలూ గొప్పవే. ఒకటి రెండవది కాదని ఆ భారతీయుని నవ్వు చెప్తున్నది.

ఆ డెల్ఫీ సూక్తులు మాత్రం నిజంగానే తూర్పుకు నడిచినవి. ఆఫ్గనిస్తాను ఉత్తరపు సరిహద్దున, ఆక్సస్ నదిలో కొక్చా నది కలిసేచోట, ఐఖానూం అనే గ్రీకు నగరపు శిథిలాలను ఫ్రెంచి పురాతత్త్వవేత్తలు 1978 వరకు త్రవ్వినారు. 1966లో అక్కడ కినియాస్ అనే నగర స్థాపకుని సమాధి మందిరంలో ఒక రాతి పీఠం బయటపడినది. డెల్ఫీలోని పూర్వుల సూక్తులను క్లియార్కస్ అనేవాడు శ్రద్ధగా వ్రాసికొని వచ్చి ఇక్కడ నిలిపినాడని దాని మీద ఉన్నది. ఇతడు అరిస్టాటిల్ శిష్యుడైన సోలీ క్లియార్కసే అని లూయీ రొబేర్ అనే శాసనపండితుడు నిర్ణయించినాడు, అందరూ ఒప్పుకోలేదు. పట్టిక వ్రాసిన పలక చిన్న ముక్క తప్ప పోయినది. అందులో పట్టని చివరి ఐదు సూక్తులు మాత్రం పీఠం మీద మిగిలినవి. బాల్యంలో మర్యాద, యౌవనంలో నిగ్రహం, నడివయస్సులో న్యాయం, వార్ధక్యంలో మంచి ఆలోచన, మరణంలో దుఃఖం లేకపోవడం, ఇవీ ఆ ఐదు. ఆ తరువాతి యుద్ధకాలంలో నిధులకోసం వచ్చినవారు ఆ నగరమంతా గుంటలు త్రవ్వి పాడుచేసినారు.

అదే శతాబ్దంలో, అంటే క్రీ. పూ. మూడవ శతాబ్దంలో, కాందహారు గ్రీకులకోసం అశోకుడు తన ధర్మశాసనాలను గ్రీకు భాషలో చెక్కించినాడు. 1958లో ఒకటి, 1963లో ఒకటి దొరికినవి. రెండవ దానిలో ఉన్నవి పన్నెండవ శాసనపు చివరి భాగం, పదమూడవదాని మొదటి భాగం. తన మతాన్ని పొగడుకొని ఇతరుల మతాన్ని తెగడవద్దని, మాటను అదుపులో ఉంచుకొమ్మని పన్నెండవది చెప్తుంది. అనువాదకుడు మతశాఖ అనడానికి గ్రీకులు తత్త్వవేత్తల పాఠశాలలకు వాడే మాటనే వాడినాడు. నాలుకను గెలిచినవాడే తన్ను తాను గెలిచినవాడని అతడు చెప్పిన తీరు ఏథెన్సులోనూ చెల్లేదే.

ఈ శాసనాలు చూడడానికి తెలుగువారు కాందహారు పోనవసరం లేదు. కర్నూలు జిల్లాలో గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి ఉన్నది. అక్కడి కొండబండల మీద పదునాలుగు శిలాశాసనాలూ ప్రాకృతంలో ఉన్నవని 1929లో ఒక భూగర్భశాస్త్రజ్ఞుడు కనిపెట్టినాడు. పదమూడవది కళింగ యుద్ధాన్ని గూర్చినది. లక్షమంది హతులైనారు, లక్షన్నర మంది చెరపట్టబడినారు, అంతకు ఎన్నో రెట్లు మరణించినారు, అందుకు తాను పశ్చాత్తాపపడుతున్నానని చక్రవర్తి స్వయంగా చెప్పుకొన్నాడు. తరువాత చాలా ఏండ్లకు, పట్టాభిషేకమైన ఇరువదియారవ ఏట వేయించిన ఒక స్తంభశాసనంలో, మనిషి తాను చేసిన మంచినే చూచుకుంటాడు గాని చెడును చూచుకోడు, అది చూచుకోవడం మిక్కిలి కష్టం అని అన్నాడు. ఆ శాసనమున్న స్తంభాలలో ఒకదానిని పదునాలుగవ శతాబ్దిలో ఫిరోజ్ షా తుగ్లక్ ఢిల్లీకి తెప్పించినాడు. నేటికీ అక్కడ నిలిచి ఉన్నది.

కళింగ దేశంలోనే అశోకుని శిలాశాసనాలు రెండు చోట్ల ఉన్నవి, ధౌళిలోనూ జౌగడలోనూ. పశ్చాత్తాపం చెప్పే పదమూడవ శాసనం ఆ రెండు చోట్లా లేదు. ఓడిన ప్రజలకు పాత గాయం గుర్తుచేయరాదని దానిని విడిచిపెట్టినాడని కొందరు చరిత్రకారులు సమాధానం చెప్తారు. ఎర్రగుడి ప్రజలు చదవవచ్చు, కాందహారు గ్రీకులు తమ భాషలో చదవవచ్చు. ఎవరి కొడుకులు చచ్చినారో ఆ ఊళ్ళలో మాత్రం దానికి బదులుగా వేరే రెండు శాసనాలు చెక్కించినాడు. అవి అక్కడి అధికారులకు వ్రాసినవి: ప్రజలందరూ నా బిడ్డలు, ఎవరినీ విచారణ లేకుండా చెరలో పెట్టవద్దు అని.