లైట్ పెంచితే ఎలక్ట్రాన్ జోరు పెరుగుతుందా? ఫోటోఎలక్ట్రిక్ ఎఫెక్ట్ వెనక కథ

మూసారాంబాగ్ మెట్రో నుంచి దిల్‌సుఖ్‌నగర్ వైపు నడిస్తే ఎటు చూసినా కోచింగ్ బోర్డులు, హాస్టల్ బోర్డులే కదా. ఇక్కడి ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తూ ప్రతి ఏడాదీ ఒక ప్రశ్న అడుగుతాను. లోహం మీద పడే కాంతి తీవ్రతని రెట్టింపు చేస్తే స్టాపింగ్ పొటెన్షియల్ ఏమవుతుంది? చాలామంది ఠక్కున "డబుల్ సార్" అంటారు.

తప్పే. కానీ నేను నవ్వను. 1900లో పెద్ద పెద్ద ఫిజిసిస్టులని అడిగినా పెరుగుతుందనే చెప్పేవాళ్లు. కాంతి ఒక తరంగం, పెద్ద అల వస్తే దెబ్బ గట్టిగా తగలాలి. లాజిక్ బాగానే ఉంది మరి!

1887లో హెర్ట్జ్ జర్మనీలో రేడియో తరంగాల మీద ప్రయోగాలు చేస్తుంటే, అల్ట్రావయొలెట్ కాంతి పడినప్పుడు స్పార్క్ సులువుగా రావడం కనిపించింది. తర్వాత ఆయన దగ్గర పనిచేసిన లెనార్డ్ 1902లో కొలిచి చూశాడు. కాంతి పెంచితే ఎలక్ట్రాన్ల సంఖ్య పెరిగింది, వాటి గరిష్ఠ శక్తి మాత్రం కదల్లేదు.

1905లో బెర్న్ పేటెంట్ ఆఫీసులో పనిచేస్తున్న ఐన్‌స్టీన్ చెప్పింది ఏంటంటే, కాంతి శక్తి ముద్దలు ముద్దలుగా వస్తుంది, ఒక ముద్ద ఒక ఎలక్ట్రాన్‌కే. లెక్క చూడండి. 400 నానోమీటర్ల కాంతి సోడియం మీద పడింది. 1240ని 400తో భాగిస్తే 3.1 ఎలక్ట్రాన్ వోల్టులు. అందులో బయటికి రావడానికి కట్టాల్సిన టోల్, అంటే వర్క్ ఫంక్షన్, సుమారు 2.3. మిగిలింది 0.8, కాబట్టి స్టాపింగ్ పొటెన్షియల్ 0.8 వోల్టులు. ఇందులో తీవ్రత అనే మాట ఎక్కడైనా వచ్చిందా? అదే 620 నానోమీటర్ల ఎర్ర లైట్ అయితే ముద్దకి 2 మాత్రమే. ఎన్ని లైట్లు పెట్టినా సోడియం నుంచి ఒక్క ఎలక్ట్రాన్ కూడా రాదు.

ఇంత సింపుల్ విషయాన్ని అప్పట్లో దాదాపు ఎవరూ నమ్మలేదు. 1913లో ప్లాంక్, ఇంకొందరు కలిసి ఐన్‌స్టీన్‌ని ప్రష్యన్ అకాడమీకి సిఫారసు చేస్తూ, ఈ కాంతి ముద్దల విషయంలో గురి తప్పి ఉండొచ్చు, దాన్ని మరీ పట్టించుకోవద్దు అన్నట్టు రాశారు. గొప్పోడే, ఇదొక్కటి వదిలేయండి అని!

నాకు బాగా నచ్చే మనిషి మిల్లికన్. షికాగోలో ఏళ్ల తరబడి ఈ సమీకరణాన్ని పరీక్షించాడు, అదీ నిలబడదనే అనుకుంటూ. సోడియం, పొటాషియం, లిథియం ముక్కలకి గాలి తగిలితే పైన పొర కట్టేస్తుంది, రీడింగ్ చెడిపోతుంది. అందుకే గాలి తీసేసిన గాజు పాత్ర లోపలే ఒక కత్తి పెట్టి, బయట నుంచి అయస్కాంతంతో తిప్పుతూ లోహాన్ని చెక్కేవాడు. 1916లో ఫలితాలు ప్రచురించాడు. ఫ్రీక్వెన్సీకి, స్టాపింగ్ పొటెన్షియల్‌కి గ్రాఫ్ గీస్తే నిటారు గీత వచ్చింది. మీ పుస్తకంలో ఉన్న గ్రాఫ్ అదే. దాని వాలు నుంచి ప్లాంక్ స్థిరాంకం 6.57 అని తేల్చాడు; మీరు ఇప్పుడు రాసేది 6.63. అంత దగ్గరగా వచ్చినా ఐన్‌స్టీన్ సమీకరణాన్ని ఒప్పుకున్నాడు గానీ, కాంతి ముద్దల్ని అప్పటికి ఒప్పుకోలేదు. సమీకరణం కరెక్ట్, కారణం రాంగ్ అట! 1921 నోబెల్ ఐన్‌స్టీన్‌కి ఈ సమీకరణం పేరు చెప్పే ఇచ్చారు, 1923లో మిల్లికన్‌కీ వచ్చింది. ఆ ముద్దకి ఫోటాన్ అనే పేరు 1926లో గానీ స్థిరపడలేదు.

ఇందులో మనవాడు కూడా ఒకాయన ఉన్నాడు. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టి, మన నిజాం కాలేజీలో చదివిన సూరి భగవంతం. 1928లో కలకత్తా వెళ్లి సి.వి. రామన్ దగ్గర చేరాడు. 1931లో, ఫోటాన్‌కి స్పిన్ ఉందని ప్రయోగంతో చూపించామంటూ ఇద్దరూ కలిసి పేపర్ వేశారు. ఫోటాన్ అనే పేరుకి అప్పటికి ఐదేళ్లే! 1952 నుంచి 1957 దాకా ఆయన ఉస్మానియా వైస్ ఛాన్సలర్. అంటే మూసీ దాటి, అంబర్‌పేట మీదుగా పోతే వచ్చే క్యాంపస్సే.

సరే, పెన్ను తీయండి. అదే సోడియం, 310 నానోమీటర్ల కాంతి. తర్వాత తీవ్రతని మూడు రెట్లు చేశాం. స్టాపింగ్ పొటెన్షియల్ ఎంత, కరెంట్ ఏమవుతుంది?