బీఎస్సీకి ఏ క్యాంపస్? ఫారం నింపే ముందు ఈ చరిత్ర చదవండి



ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే మన గ్రూపులో ఒకటే ప్రశ్న. "అన్నా, బైపీసీ అయిపోయింది, బీఎస్సీ ఎక్కడ చేరాలి? ట్రైబల్ యూనివర్సిటీనా, ఉస్మానియానా, కాకతీయనా, ఊరి దగ్గరి సర్కారు కాలేజీనా?" ఒక్కొక్కరికి విడిగా చెప్పేకంటే, ఈ యూనివర్సిటీలు మనదాకా ఎట్లా వచ్చాయో చెప్పుకుంటే మీకే దారి తెలుస్తుంది. పోస్టు కొంచెం పొడుగే, ఓపికగా చదవండి.

ముందు మన్యం వైపు చూద్దాం. అల్లూరి సీతారామరాజు, గాం గంటం దొర, గాం మల్లు దొరల పోరాటం 1922 నుంచి 1924 దాకా నడిచింది. అది అణిగిన రెండేళ్లకు, 1926లో ఆంధ్రా యూనివర్సిటీ పుట్టింది. మొదట బెజవాడలో ఉండి, తర్వాత వాల్తేరుకు చేరింది. అక్కడి సైన్స్ కాలేజీకి జయపురం మహారాజు విక్రమదేవ వర్మ పేరు పెట్టారు. ఆయన యూనివర్సిటీకి ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన దాత. మంచిదే. కానీ ఆ జయపురం సంస్థానం ఎక్కడుంది? కోరాపుట్ కొండల్లో. సంస్థానం రాబడి ఆ కొండల భూమి నుంచి, అడవి నుంచి వచ్చిందే. అంటే ఆ సైన్స్ కాలేజీ గోడల్లో ఆదివాసీ చెమట కూడా కలిసి ఉంది. ఆ ల్యాబుల్లో చదువుకునే వంతు మాత్రం మనకు చాలా ఆలస్యంగా వచ్చింది.

ఇటు నిజాం రాజ్యంలో 1918లోనే ఉస్మానియా మొదలైంది, ఉర్దూ మీడియంలో. క్యాంపస్‌లో ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో తెరిచారు. ఆ మరుసటి ఏడే, 1940లో, జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాడు. ఆ తర్వాత నిజాం సర్కారు హైమెన్‌డార్ఫ్‌ను గోండుల మధ్యకు పంపింది. 1943లో మార్లవాయిలో గోండి పిల్లల కోసం, టీచర్ల శిక్షణ కోసం బడి మొదలైంది. లెక్క చూడండి. పట్నంలో యూనివర్సిటీ వచ్చిన 25 ఏళ్లకు మనకు అఆలు వచ్చాయి. బీఎస్సీ మాట ఇంకెక్కడ?

స్వాతంత్ర్యం వచ్చాక స్కాలర్‌షిప్‌లు, రిజర్వేషన్లు వచ్చాయి. 1974లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, 1976లో వరంగల్‌లో కాకతీయ వచ్చాయి. ఆదిలాబాద్, ఖమ్మం ఏజెన్సీ పిల్లలకు కాకతీయే దగ్గరి యూనివర్సిటీ అయింది. 2007 చట్టంతో మధ్యప్రదేశ్‌లోని అమర్‌కంటక్‌లో ఇందిరాగాంధీ జాతీయ గిరిజన యూనివర్సిటీ వచ్చింది. 2014 విభజన చట్టం రెండు రాష్ట్రాలకూ చెరో గిరిజన యూనివర్సిటీ అని రాసింది. ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్లు పట్టింది. 2019లో విజయనగరం దగ్గర కొండకరకంలో, ఆంధ్రా యూనివర్సిటీ పాత పీజీ క్యాంపస్‌లో క్లాసులు మొదలయ్యాయి. సొంత క్యాంపస్‌కు శంకుస్థాపన జరిగింది 2023లో. తెలంగాణకు తొమ్మిదేళ్లు పట్టింది. 2023 డిసెంబర్‌లో పార్లమెంట్ చట్టం చేశాక ములుగులో సమ్మక్క సారక్క యూనివర్సిటీ వచ్చింది.

ఇక్కడే ఆగి ఆలోచించాలి. ములుగు మొదటి బ్యాచ్‌కు పెట్టిన కోర్సులు బీఏ ఇంగ్లిష్, బీఏ ఎకనామిక్స్. బీఎస్సీ లేదు. ఎందుకు? బీఏకు గది, బోర్డు, సారు ఉంటే మొదలుపెట్టొచ్చు. బీఎస్సీకి ల్యాబ్ కావాలి. నీళ్లు, గ్యాస్, కెమికల్స్, మైక్రోస్కోపులు, వాటిని చూసుకునే అసిస్టెంట్ కావాలి. అందుకే కొత్త క్యాంపస్ ఎక్కడ పెట్టినా సైన్స్ చివరికే వస్తుంది. విజయనగరంలో పాత భవనాలు ఉన్నాయి, పక్కన ఆంధ్రా యూనివర్సిటీ అండ ఉంది, కాబట్టి కెమిస్ట్రీ, బోటనీ, జియాలజీ లాంటివి నడిచాయి. కాబట్టి పేరులో ట్రైబల్ ఉందని ఫారం నింపకండి. ఈ ఏడు మీకు కావాల్సిన కోర్సు ఉందో లేదో ముందు చూడండి.

ఇంకో మాట. చాలామంది "ఉస్మానియాలో బీఎస్సీ" అంటారు. ఉస్మానియా, కాకతీయ, ఆంధ్రా మెయిన్ క్యాంపస్‌లు పెరిగింది ఎక్కువగా పీజీ, పీహెచ్‌డీల మీద. డిగ్రీ చదివేది నిజాం కాలేజీ లాంటి యూనివర్సిటీ సొంత కాలేజీల్లో, లేదంటే కింద ఉన్న అఫిలియేటెడ్ కాలేజీల్లో. సర్టిఫికెట్ మీద పేరు ఒకటే, కానీ ల్యాబ్ ఒకటి కాదు. కాబట్టి యూనివర్సిటీని యూనివర్సిటీతో కాదు, కాలేజీని కాలేజీతో పోల్చండి.

చేరే దారులు కూడా వేరు. తెలంగాణ డిగ్రీ కాలేజీలకు 2016 నుంచి దోస్త్. సెంట్రల్ యూనివర్సిటీలకు 2022 నుంచి సీయూఈటీ. దాని ఫారం ఇంటర్ ఫలితాల కంటే ముందే వస్తుంది. ఫలితాలు వచ్చాక తెలుసుకుంటే ఏడాది పోయినట్టే. ఎస్టీ కోటా కేంద్ర సంస్థల్లో మామూలుగా 7.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 6, తెలంగాణలో 2022 నుంచి 10.

చేరే ముందు ఈ నాలుగూ అడగండి:
1. నా సబ్జెక్టుకు పర్మినెంట్ లెక్చరర్లు ఎంతమంది?
2. వారానికి ప్రాక్టికల్స్ ఎన్ని నిజంగా జరుగుతున్నాయి? సీనియర్ రికార్డు బుక్కు తీసి చూడండి.
3. మొదటి రోజు నుంచే హాస్టల్ సీటు ఉంటుందా? ముఖ్యంగా చెల్లెళ్లూ, ఇది తేలకుండా చేరొద్దు. సీటు పోయేది మార్కుల వల్ల కంటే అద్దె గది ఖర్చు వల్లే ఎక్కువ.
4. అక్కడే పీజీ ఉందా, లేదా బీఎస్సీ అయ్యాక ఎటు పోతున్నారు?

ఈ నాలుగింటికీ జవాబు బాగుంటే ఊరి దగ్గరి సర్కారు కాలేజీ అయినా సరే, చేరండి. జవాబు రాకపోతే ఎంత పెద్ద పేరున్నా రెండుసార్లు ఆలోచించండి.

చివరగా ఒకటి. యూనివర్సిటీ ఎవరూ ఊరికే ఇవ్వలేదు. చట్టంలో రాసింది నేల మీదికి రావడానికి తొమ్మిదేళ్లు అడగాల్సి వచ్చింది. ములుగులో బోటనీ, కెమిస్ట్రీ, జియాలజీ కావాలని ఇప్పటి నుంచే అడగాలి. మన అడవిలో చెట్టు పేరు, దాని మందు తెలిసిన పెద్దోళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లు ఉండగానే ఆ ల్యాబ్ రావాలి.

ఇప్పటికే బీఎస్సీ చదువుతున్నవాళ్లు మీ కాలేజీ ల్యాబ్, హాస్టల్ ఎట్లా ఉన్నాయో కింద ఉన్నదున్నట్టు రాయండి. వచ్చే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు అదే పెద్ద సాయం.

జై ఆదివాసీ.