జమ్మిచెట్టుపై ఆయుధాలు

విరాటనగరం ప్రవేశించడానికి ముందు పాండవులు తమ ఆయుధాలను మూటగట్టి, ఊరి వెలుపల శ్మశానం చేరువనున్న జమ్మిచెట్టుపై దాచినారు. ఏడాది గడిచిన పిదప అర్జునుడు ఉత్తరునిచేత ఆ మూట దింపించి గాండీవం చేపట్టినాడు. ఈ కథ తెలియని తెలుగువారు అరుదు. నేటికీ విజయదశమినాడు జమ్మిఆకు పెద్దల చేతికిచ్చి ఆశీస్సులు పొందడం మన ఆచారం. ఈ కథలో గమనింపదగిన సూక్ష్మం ఒకటి ఉన్నది. ఆయుధాలు విడిచినవారు పాండవులే. ఎప్పుడు విడవవలెనో, ఎప్పుడు తిరిగి తీసుకొనవలెనో నిర్ణయించుకొన్నవారూ వారే. ఆయుధాన్ని తాను దించి పెట్టడం వేరు, పరుడు చేతినుండి లాగుకొనడం వేరు. మొదటిది నియమం, రెండవది అవమానం. భారతదేశంలో ఆయుధ శాసనం నడిచిన త్రోవను పరిశీలించేవారికి ఈ భేదమే దీపంవలె దారి చూపుతుంది.

1857వ సంవత్సరం ఈ ప్రశ్నను రెండు దేశాలలో ఒకేసారి లేవనెత్తినది. ఆ మార్చి నెలలో అమెరికా సుప్రీంకోర్టు డ్రెడ్ స్కాట్ అనే బానిస తెచ్చిన వ్యాజ్యంలో తీర్పు చెప్పినది. ప్రధాన న్యాయమూర్తి టానీ నల్లజాతివారు ఆ దేశానికి పౌరులు కాజాలరని నిర్ణయిస్తూ, వారిని పౌరులుగా అంగీకరించినచో వాటిల్లే ఫలితాలను వరుసగా పేర్కొన్నాడు: వారు కోరినచోటికి పోగలరు, సభలు జరుపగలరు, ఎక్కడికి పోయినా ఆయుధాలు వెంట ఉంచుకొనగలరు. ఆయుధం పౌరసత్వానికి చిహ్నం. కనుక ఆయుధం చేతికి రాకుండ ఉండవలెనన్న పౌరసత్వమే ఈయరాదు. ఇదీ ఆ తర్కం. తరువాత రెండు నెలలకు మీరట్‌లో సిపాయిలు తిరుగబడినారు. ఆ మహాసంగ్రామాన్ని రక్తంలో ముంచి అణచిన పిదప ఆంగ్లేయులు అవధ్ ప్రాంతంలో కోటలు పడగొట్టించి, ఫిరంగులు, తుపాకులు, కత్తులు ఊరూరా పోగుచేయించినారు. ఒక దేశంలో పౌరసత్వం నిరాకరించి ఆయుధం దూరం చేసినారు. మరొక దేశంలో ఆయుధం లాగుకొని, మీరు పౌరులు కారు, పాలితులు మాత్రమే అని తెలియజేసినారు.

అమెరికావారికి ఈ చిహ్నంపై మమకారం ఎక్కడినుండి వచ్చినదో తెలుసుకొనడం అవసరం. 1689లో ఇంగ్లండు హక్కుల శాసనం ప్రొటెస్టంటు ప్రజలు తమ స్థితికి తగినట్లు, శాసనం అనుమతించినంతవరకు ఆత్మరక్షణకై ఆయుధాలు కలిగియుండవచ్చునని చెప్పినది. ఆ భావన సముద్రం దాటి వలసరాజ్యాలకు పోయినది. 1775 ఏప్రిల్ 19న బ్రిటిషు సైన్యం కాన్‌కర్డ్ అనే ఊరిలో వలసప్రజలు నిలువచేసిన ఆయుధసామగ్రిని పట్టుకొనడానికి బయలుదేరగా, దారిలో లెక్సింగ్టన్ వద్ద తొలి తుపాకి ప్రేలినది. అమెరికా స్వాతంత్ర్యసమరం ఆవిధంగా ఆయుధాల జప్తుతోనే ఆరంభమైనది. 1791లో రాజ్యాంగానికి చేర్చిన రెండవ సవరణలో ఆ జ్ఞాపకం నిలిచి ఉన్నది. స్వతంత్ర రాజ్యరక్షణకు క్రమబద్ధమైన ప్రజాసేన అవసరమని ఆ వాక్యపు పూర్వార్ధం, ప్రజల ఆయుధ హక్కు ఉల్లంఘింపబడరాదని ఉత్తరార్ధం చెబుతున్నవి. అయితే ‘ప్రజలు’ అన్న మాటలో బానిసలు చేరలేదు. బానిసత్వం రద్దయిన 1865లోనే మిసిసిపీ రాష్ట్రం, విముక్తులైన నల్లవారు అనుమతి లేనిదే తుపాకి ఉంచుకొనరాదని శాసించినది. హక్కుల పత్రం ఎంత ఉదారమైనదైనా, దానిని చదివే చేయి ఎవరిదో చూడక తప్పదు.

మన దేశంలో ఆ చేయి లార్డ్ లిట్టన్‌ది. ఆయన రాజప్రతినిధిగా ఉన్న 1878లో రెండు శాసనాలు వెలువడినవి. ఒకటి దేశభాషా పత్రికల నోరు కట్టినది. రెండవది 1878వ సంవత్సరపు 11వ శాసనం, అనగా ఆయుధ శాసనం, ప్రజల చేతులు కట్టినది. లైసెన్సు లేనిదే తుపాకి ఉంచుకొనడం, ఆయుధధారియై తిరగడం, ఆయుధాలు తయారుచేసి అమ్మడం నేరమైనవి. శాసనంలో ఇంతవరకే ఉండినచో, రాజ్యపాలనకు ఇది అవసరమే అనేవారు కొందరైనా ఉండేవారు. కాని ఎవరికైనా మినహాయింపు ఈయగల అధికారాన్ని శాసనం ప్రభుత్వం చేతిలో పెట్టినది. ఆ అధికారంతో ఐరోపావారిని, ఆంగ్లో–ఇండియనులను లైసెన్సు బాధనుండి తప్పించినారు. భారతీయులలో కొందరు బిరుదాంకితులకు, పెద్ద భూస్వాములకు, మొత్తం ఒక జాతిగా కొడగు ప్రజలకు మాత్రమే ఆ అనుగ్రహం లభించినది. తెల్లవాడు తుపాకి భుజాన వేసుకొని షికారుకు పోవచ్చును. అడవిపందులు మేసిపోతున్న చేను గట్టున నిలిచిన రైతు మాత్రం కచేరీ చుట్టూ అర్జీ పట్టుకొని తిరుగవలెను. పత్రికల శాసనాన్ని రిప్పన్ ప్రభువు 1882లో రద్దు చేయించినాడు. ఆయుధ శాసనం కదలలేదు.

కాంగ్రెసు మహాసభ ఈ అవమానాన్ని తొలినాళ్లలోనే గుర్తించినది. 1886 కలకత్తా సభలో రాజా రాంపాల్ సింగ్ మాట్లాడుతూ, వీరులైన జాతిని కలం పట్టే గొర్రెలమందగా మారుస్తున్నందుకు ఈ ప్రభుత్వానికి కృతజ్ఞత చెప్పజాలమని తీవ్రంగా అన్నాడు. మరుసటి సంవత్సరం బద్రుద్దీన్ త్యాబ్జీ అధ్యక్షతన మద్రాసులో జరిగిన సభలో ఆయుధ శాసనాన్ని సవరింపవలెనన్న తీర్మానం వచ్చినది. అప్పటికింకా యువకుడైన బిపిన్ చంద్రపాల్ ఆ శాసనంలోని పక్షపాతాన్ని ఎత్తిచూపి దాని రద్దుకై వాదించినాడు. వీరెవరూ ఇంటింటా తుపాకి ఉండవలెనని ఉవ్విళ్లూరినవారు కారు. తమ దేశంలో తాము అనుమానితులుగా బ్రతకవలసి రావడమే వారిని బాధించినది. మాంటేగు–ఛెమ్స్‌ఫర్డు సంస్కరణల కాలంలో నియమాలు మార్చి జాతిభేదాన్ని కాగితంపై తొలగించినారు. లైసెన్సు ఎవరికి ఈయవలెనో నిర్ణయించే అధికారి మాత్రం మారలేదు.

ప్రజల చేత ఆయుధం లేని దేశంలో తిరుగబాటుదారు దారి మొట్టమొదట ఆయుధాగారానికే పోతుంది. 1914 ఆగస్టులో కలకత్తా విప్లవకారులు రోడా కంపెనీకి దిగుమతియైన సరకునుండి 50 మౌజర్ పిస్తోళ్లను, 46,000 తూటాలను అపహరించినారు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మన్యంలో చింతపల్లి పోలీసుస్టేషనును ముట్టడించినాడు. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు దినాలలో 26 తుపాకులు, వేలకొలది తూటాలు ఆయన దండుకు దక్కినవి. తీసుకొన్న ఆయుధాల వివరం స్టేషను రికార్డులో వ్రాసి సంతకం చేసి మరీ పోయినాడు. దొంగ సంతకం చేయడు. అది తన జాతికి రావలసిన బాకీని వసూలు చేసుకొన్న వాని రసీదు. 1930 ఏప్రిల్ 18న చిట్టగాంగులో సూర్యసేన్ అనుచరులు రెండు ఆయుధాగారాలను పట్టుకొన్నారు. తుపాకులు దొరికినవి, తూటాలు ఉంచిన చోటు దొరకలేదు. మహావీరులు సైతం చేతికి చిక్కిన కొద్దిపాటి ఇనుముతో సామ్రాజ్యాన్ని ఎదుర్కొనవలసి వచ్చిన కాలం అది.

అహింసావ్రతుడైన గాంధీజీ ఈ విషయంలో ఏమన్నారో చూచినచో ఆశ్చర్యం కలుగుతుంది. 1918లో ఖేడా జిల్లాలో సైన్యానికి మనుషులను చేర్చే ప్రయత్నంలో ఆయన ఒక కరపత్రం ప్రకటించినారు. బ్రిటిషు పాలన చేసిన అపచారాలలో యావజ్జాతిని నిరాయుధం చేసిన శాసనాన్ని చరిత్ర మిక్కిలి నల్లనిదిగా గణిస్తుందని అందులో వ్రాసినారు. 1930 జనవరిలో రాజప్రతినిధి ముందుంచిన పదకొండు కోరికలలో ఉప్పుపన్ను రద్దుతోపాటు, ప్రజల అదుపుకు లోబడి ఆత్మరక్షణకై తుపాకి లైసెన్సులు ఈయవలెనన్నది కూడ ఒకటి. ఇందులో వైరుధ్యం లేదు. భయంచేతనో, గత్యంతరం లేకనో చేయి ముడుచుకొన్నవానిని ఆయన అహింసకుడుగా ఎన్నడూ అంగీకరించలేదు. విడువగల శక్తి ఉన్నవాడే విడిచినచో అది త్యాగం. 1931 మార్చిలో సర్దార్ పటేల్ అధ్యక్షతన కరాచీలో కాంగ్రెసు ప్రాథమిక హక్కుల తీర్మానం చేసినది. తగిన నియమాలకు, పరిమితులకు లోబడి ఆయుధాలు కలిగియుండే హక్కు ప్రతి పౌరునికి ఉండవలెనని ఆ తీర్మానంలో స్పష్టంగా ఉన్నది. స్వతంత్ర భారతం తన ప్రజలకు చేసిన ముందస్తు వాగ్దానాలలో అది ఒకటి.

మరి ఆ వాగ్దానం ఏమైనది? 1948 డిసెంబరులో రాజ్యాంగసభ నేటి 19వ అధికరణానికి మూలమైన ముసాయిదాను చర్చిస్తుండగా హరి విష్ణు కామత్ లేచి కరాచీ తీర్మానాన్ని గుర్తుచేసినారు. ఆయుధ హక్కును కూడ చేర్చవలెనని సవరణ ప్రతిపాదించినారు. సభ దానిని త్రోసిపుచ్చినది. డాక్టర్ అంబేద్కర్ సమాధానం మననం చేయదగినది. ఆయుధం ధరించడం పౌరుని హక్కు అన్న దానికంటె, అది పౌరుని కర్తవ్యం అన్న దానిని మనం పట్టుకొనవలెనని ఆయన వాదించినారు. యుద్ధమో, తిరుగుబాటో దేశభద్రతను కదలించిననాడు రాజ్యం ప్రతి పౌరుని ఆయుధం పట్టుమని పిలువగలగాలి. ప్రజాప్రయోజనార్థం నిర్బంధసేవ విధించే అధికారాన్ని, నేటి 23వ అధికరణం రాజ్యానికి ఇచ్చే ఆ అధికారాన్ని, ఆయన ఇందుకు ఆధారంగా చూపినారు.

ఆ సభ ఏ కాలంలో కూర్చున్నదో మరువరాదు. దేశవిభజన నాటి నెత్తురు ఇంకా ఆరలేదు. పదినెలల క్రితమే, జనవరి 30న, ఢిల్లీలో ప్రార్థనకు నడచిపోతున్న గాంధీజీ పిస్తోలు గుండ్లకు నేలకొరిగినారు. ప్రజలకు లైసెన్సులు ఈయుడని కోరిన ఆ మహాత్ముని చంపినది భారతీయుని చేతిలోని ఆయుధమే. పరపాలనలో ఆయుధం స్వాభిమానానికి గుర్తు. పొరుగువాడు పొరుగువానిపై ఎత్తిననాడు దాని అర్థం మారిపోయినది.

చివరకు రాజ్యాంగంలో నిలిచిన మాట, శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కు. ప్రాథమిక హక్కులలో అనుమతి పొందిన ఆయుధం ఒక్కటే ఉన్నది: 25వ అధికరణపు వివరణలో సిక్కుల కృపాణం, అదీ మతధర్మంలో భాగంగా. కరాచీ వాగ్దానాన్ని మన పెద్దలు భంగపరచినారా? అక్షరాన్ని విడిచినారు, అనుమానం లేదు. కాని ఆ వాగ్దానానికి ప్రాణమైన సమానత్వాన్ని 14వ అధికరణంలో, వయోజనులందరి వోటుహక్కును 326వ అధికరణంలో ప్రతిష్ఠించినారు. టానీ న్యాయమూర్తి భయపడిన పౌరసత్వమూ, రాంపాల్ సింగ్ కోరిన గౌరవమూ తుపాకి లేకుండానే ప్రజలకు దక్కినవి.

లిట్టన్ శాసనం స్వాతంత్ర్యం వచ్చిన పిదప కూడ కొంతకాలం బ్రతికినది. దాని స్థానంలో 1959లో పార్లమెంటు కొత్త ఆయుధ శాసనం చేయగా అది 1962 అక్టోబరు 1న అమలులోకి వచ్చినది. లైసెన్సు పద్ధతి మిగిలినది. 2019 సవరణతో ఒక వ్యక్తి ఉంచుకొనగల తుపాకుల సంఖ్య మూడునుండి రెండుకు తగ్గినది. అమెరికా మరొక త్రోవన పోయినది. ఆత్మరక్షణకై ఇంట తుపాకి ఉంచుకొనడం వ్యక్తిగత హక్కేనని అక్కడి సుప్రీంకోర్టు 2008లో హెల్లర్ వ్యాజ్యంలో చెప్పినది. 2022లో బ్రూయెన్ తీర్పుతో ఆ హక్కును వీధిలోనికి విస్తరించినది. 2021లో ఆ దేశంలో తుపాకులవలన 48,000 మందికి పైగా మరణించినారు. అందులో సగానికి పైగా ఆత్మహత్యలు. పరప్రభుత్వానికి ఎదురు నిలువడానికి పుట్టిన హక్కు, తన ఇంటివానినే బలిగొంటున్నది.

అంతమాత్రాన మనం గర్వించి ఊరకుండ తగదు. లైసెన్సు ఇచ్చే చేయి నేటికీ అధికారిదే. ఎన్నోచోట్ల భుజాన తుపాకి ఉండడం అవసరానికంటె హోదాకే గుర్తు. దొంగచాటు నాటుతుపాకులు శాసనానికి అందక తిరుగుతూనే ఉన్నవి. అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న వేరు. ఆయుధం విడిచిన పౌరుడు తన రక్షణను రాజ్యానికి ఒప్పగించినాడు. కంచే చేను మేసిననాడు ఆ ఒప్పందానికి విలువ ఏమున్నది? బలహీనుడు ఫిర్యాదు చేయబోయిన స్టేషనులోనే అతనికి భయం ఎదురైనచో, మన పెద్దలు తీసుకొన్న నిర్ణయం తప్పిన దోషం వారిది కాదు, మనది.

ఎన్నికలు ప్రకటించిన వెంటనే లైసెన్సుదారులు తమ తుపాకులను పోలీసుస్టేషనులో జమచేయవలెనని ఈనాడు సాధారణంగా ఉత్తర్వులు వెలువడుతుంటవి. సీతారామరాజు ఆయుధాలు తీసుకొనడానికి పోయిన చోటికే, నేటి పౌరుడు ఆయుధం అప్పగించడానికి పోతున్నాడు. అప్పగించి వచ్చి, వోటు వేయడానికి వరుసలో నిలబడుతున్నాడు. 1878లో మన చేతినుండి లాగుకొన్నదానిని, 1948లో మన చేతితోనే జమ్మిచెట్టుపై ఉంచినాము. చెట్టుకు కావలి ఉండవలసిన బాధ్యత కూడ మనదే.